కరిచే ముందు చిలుక ఏం చెబుతుంది?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అందులోనూ ఇంత ఎండలో, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. చాలా సంతోషం. ఇక్కడ బల్ల మీద బట్ట కప్పిన పంజరం చూసి పిల్లలు వచ్చినప్పటి నుంచీ దాని చుట్టూనే తిరుగుతున్నారు. అందులో ఎవరున్నారో చివర్లో చూపిస్తాను. అప్పటిదాకా దాన్ని తట్టకండి నాన్నా, లోపలున్నది మన మాటలన్నీ వింటోంది.

నేను చిన్న చిలుకల్ని పెంచడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "కరవని చిలుక ఏదండీ?" మొదట్లో నేను దీనికి టకటకా జవాబు చెప్పేవాడిని. బడ్జీ సాధువు, కాకటీల్ మెతక, లవ్ బర్డ్ గయ్యాళి అని. ఇప్పుడలా చెప్పను. ముక్కున్న ప్రతి చిలుకా కరుస్తుంది. అయితే కరవడం అది మొదట చేసే పని కాదు, చిట్టచివర చేసే పని. అంతకుముందే నాలుగైదు సార్లు "వద్దు" అని చెప్పి ఉంటుంది. ఆ వద్దును ఒక్కో జాతి ఒక్కో తీరుగా చెబుతుంది. కొన్ని తీరిగ్గా, ఎదుటివాడికి అర్థమయ్యేలా చెబుతాయి. కొన్ని కనురెప్ప పాటులో చెప్పేస్తాయి. చిన్న చిలుకల స్వభావాల్లో తేడా ఏమిటంటే నేను ముందు చెప్పేది ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు పేర్ల గొడవ ఒకటి తేల్చుకోవాలి. మన బజార్లలో "లవ్ బర్డ్స్" అని అమ్మేవి లవ్ బర్డ్స్ కావు, బడ్జీలు. పొడవు తోక, మెడ మీద అలల్లాంటి నల్ల గీతలు, ముక్కు పైన నీలంగానో గోధుమ రంగుగానో చిన్న కండ ఉంటే అది బడ్జీ. అసలు లవ్ బర్డ్ పొట్టి తోకతో, లావు ముక్కుతో, గుండ్రంగా ఉంటుంది. దాన్ని ఇక్కడ "ఆఫ్రికన్ లవ్ బర్డ్" అంటారు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని ఒకే పంజరంలో వేయడం వల్ల జరిగే ఘోరం నా ఇంట్లోనే జరిగింది. అది తర్వాత చెబుతాను.

ఇంకో మాట. మన రామచిలుక గురించి ఈ రోజు పోల్చి చెప్పను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షణ ఉన్న పక్షి. పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచుకోవడం అన్నీ నేరమే. మా అమ్మమ్మ భద్రాచల రామదాసు కథ చెప్పేటప్పుడు, ఆయన పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టినందుకే గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు ఉన్నాడని చెప్పేది. చట్టం రాకముందే మనవాళ్ళకు ఆ బాధ తెలుసు. కాబట్టి పంజరంలోనే పుట్టి పెరిగే విదేశీ జాతుల గురించే మాట్లాడుకుందాం. వాటిని కూడా తేలిగ్గా తీసుకోమని దీని అర్థం కాదు.

బడ్జీతో మొదలుపెడతాను. ఆస్ట్రేలియా ఎడారి మైదానాల పక్షి. వేల సంఖ్యలో గుంపులుగా, నీళ్ళూ గింజలూ ఎక్కడుంటే అక్కడికి ఎగిరిపోతూ బతుకుతుంది. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త బతికున్న బడ్జీలను ఇంగ్లండుకు తీసుకెళ్ళాడు. అడవిలో అన్నీ ఆకుపచ్చ, పసుపు రంగులవే. మనం చూసే నీలాలు, తెలుపులు, బూడిద రంగులు తర్వాత మనుషుల దగ్గర పుట్టినవి. బరువు ముప్పై నలభై గ్రాములు. డేగ కంట పడితే చాలు, ప్రాణం పోయినట్టే. గుంపులో ఉండటమే దానికి రక్షణ.

దీని స్వభావం అంతా అక్కడి నుంచే వచ్చింది. గుంపులో బతికే పక్షికి కొట్లాట పెట్టుకునే తీరిక లేదు. అందుకే బడ్జీ తగాదాలు చిన్నవి. రోజంతా తనలో తాను ఏదో మాట్లాడుకుంటూనే ఉంటుంది. మగవి మాటలు బాగా పట్టుకుంటాయి. కాలిఫోర్నియాలో పక్ అనే బడ్జీకి 1,728 మాటలు వచ్చని గిన్నిస్ పుస్తకంలో నమోదైంది. ఆడవి అంత మాట్లాడవు. కానీ గుంపులో పెత్తనం వాటిదే, కాటు గట్టిదీ వాటిదే.

బడ్జీ విషయంలో జనం ఎక్కువగా పొరబడేది ఒకచోట. "మా పక్షి భలే సాధువండీ, చేత్తో పట్టుకున్నా ఉలకదు పలకదు" అంటారు. నేను వెళ్ళి చూస్తే ఆ పక్షి ఈకలన్నీ ఒంటికి అతుక్కుపోయేలా బిగించుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, బొమ్మలా ఉంటుంది. అది సాధుత్వం కాదు, భయం. డేగ నీడ పడ్డప్పుడు అడవిలో ఎలా బిగుసుకుపోతుందో ఇక్కడా అలాగే బిగుసుకుపోయింది. బడ్జీ "వద్దు" అనే తీరు ఇదే. గొంతు మూగబోతుంది, ఒళ్ళు సన్నబడుతుంది, కొంచెం పక్కకు ఒరుగుతుంది. మనకు అది మర్యాదలా కనిపిస్తుంది. నిజంగా మీ దగ్గర హాయిగా ఉన్న బడ్జీ ఊరికే ఉండదు. ముక్కుతో గరగర శబ్దం చేస్తుంది, ఒంటికాలి మీద నిలబడుతుంది, ఈకలు వదులు చేసుకుని ఒళ్ళు దులుపుకుంటుంది.

ఇప్పుడు కాకటీల్. మన దగ్గర కాక్‌టెయిల్ అని కూడా అంటారు. ఇదీ ఆస్ట్రేలియాదే. కాకటూలు అనే పిలక చిలుకల కుటుంబంలో అన్నింటికంటే చిన్నది. ఎనభై నుంచి వంద గ్రాములు ఉంటుంది. కొత్తగా పెంచాలనుకునేవాళ్ళకు నేను ఎక్కువగా దీన్నే చెబుతాను. కరవదని కాదు, కరిచే ముందు చాలా స్పష్టంగా చెబుతుంది కాబట్టి. దాని తల మీద పిలక ఉంటుంది చూడండి, అది దాని మనసును బయట పెట్టేస్తుంది.

పిలక వెనక్కి వాలి, చివర కొస మాత్రం కొంచెం పైకి వంగి ఉంటే అది ప్రశాంతంగా ఉన్నట్టు. నిటారుగా లేస్తే ఏదో కొత్తది చూసింది, ఉలిక్కిపడింది. పిలక మొత్తం తలకు అతుక్కుపోయి, మెడ ముందుకు చాచి, పాములా బుస కొట్టిందంటే చెయ్యి వెనక్కి తీసేయాలి. నిజంగానే పాము బుసలాగే ఉంటుంది, మొదటిసారి వింటే మీరే ఉలిక్కిపడతారు. ఇంత చెప్పాక కూడా మనం చెయ్యి పెడితే కరుస్తుంది. అప్పుడు అది చెప్పకుండా కరిచిందని ఎలా అంటాం? చిలక్కి చెప్పినట్టు చెప్పాను అంటుంటాం కదా మనం. ఇక్కడ చిలుకే మనకు చెబుతోంది, వినాల్సింది మనం.

కాకటీల్‌లో ఇబ్బంది ఒకటుంది, అది దాని పిరికితనం. పగలు బాగానే ఉంటుంది. చీకట్లో చిన్న కదలిక ఉన్నా గుండె ఆగినంత పని అవుతుంది. ఒక వేసవి రాత్రి కరెంటు పోయింది. గోడ మీది బల్లి పంజరం మీదకు దూకినట్టుంది. రెండు గంటలప్పుడు దబదబా చప్పుడు. టార్చి వేసి చూస్తే నా కాకటీల్ రెక్కలు తీగలకేసి కొట్టుకుంటూ గుడ్డిగా ఎగురుతోంది. కొత్తగా వస్తున్న ఈకల్లో రక్తం ఉంటుంది, అది విరిగితే బాగా కారుతుంది. కింద పరిచిన పేపరంతా చుక్కలు. కూర్చుని, మెల్లగా రోజూ వేసే ఈల వేస్తూ ఉంటే పది నిమిషాలకు నెమ్మదించింది. ఆ రోజు నుంచి ఆ గదిలో జీరో బల్బు ఆర్పలేదు, దానికి ఇన్వర్టర్ కనెక్షన్ కూడా పెట్టించాను. కాకటీల్ పెంచేవాళ్ళు ముందు ఆ బల్బు కొనండి, తర్వాత పక్షిని కొనండి. ఇంకో సంగతి, దీని ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే ఇది వద్దు.

లవ్ బర్డ్ దగ్గరికి వద్దాం. వీటి మీద నాకు ప్రేమ ఎక్కువ, అందుకే ఎక్కువ సేపు మాట్లాడతాను.

లవ్ బర్డ్స్‌లో తొమ్మిది జాతులున్నాయి. ఎనిమిది ఆఫ్రికా ఖండంలో, ఒకటి మడగాస్కర్‌లో. మన దగ్గర ఎక్కువగా దొరికేవి పీచ్ ఫేస్, ఫిషర్, మాస్క్‌డ్. పీచ్ ఫేస్‌కు నుదురూ చెంపలూ గులాబీ రంగులో ఉంటాయి, అది నమీబియా వైపు ఎండు ప్రాంతాలది. కంటి చుట్టూ తెల్లటి వలయం ఉండేవి ఫిషర్, మాస్క్‌డ్, రెండూ టాంజానియావి.

నా మొదటి పీచ్ ఫేస్ ఆడపక్షి చేసిన పని ఒకటి చెబుతాను. పంజరం పక్కన న్యూస్ పేపర్ పెట్టాను. అది తీగల్లోంచి పేపర్ అంచు లాక్కుని, ముక్కుతో చుక్క చుక్కగా చిల్లులు పొడుచుకుంటూ, అంగుళాల పొడవున ఒక పట్టీ కత్తిరించింది. కత్తెరతో కత్తిరించినట్టు తిన్నగా. తర్వాత తల వెనక్కి తిప్పి ఆ పట్టీని నడుము మీది ఈకల్లోకి దోపుకుంది. ఇంకోటి కత్తిరించింది, అదీ దోపింది. ఐదారు పట్టీలు నడుములో దోపుకుని, పొలం నుంచి మోపు కట్టుకుని వస్తున్న మనిషిలా నడిచి వెళ్ళింది. దానికి ఎవరూ నేర్పలేదు. అదే ఫిషర్ అయితే అలా చేయదు, ఒక్కో పట్టీని ముక్కున కరుచుకునే వెళ్తుంది.

అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన విలియం డిల్గర్ అనే శాస్త్రవేత్త ఈ రెండు జాతుల్నీ జతకలిపి చూశాడు. పుట్టిన పిల్లలు పెద్దయ్యాక పట్టీ కత్తిరిస్తాయి, నడుములో దోపుకోబోతాయి, దోపి ముక్కు వదలవు. లేదా ఈకల్లో కాకుండా ఎక్కడో పెడతాయి, పడిపోతుంది. మళ్ళీ మొదలు. చివరికి ముక్కుతో మోసుకెళ్ళడం అలవాటు కావడానికి వాటికి ఏళ్ళు పట్టింది. అలవాటయ్యాక కూడా, ఎగిరే ముందు ఒకసారి తల వెనక్కి తిప్పేవి. 1962లో ఆయన ఈ సంగతి రాశాడు. ఆ తల తిప్పడం గురించి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. పక్షి స్వభావంలో పుట్టుకతో వచ్చేది ఎంత, నేర్చుకునేది ఎంత అని మనం అడుగుతుంటాం. రెండూ ఒకే ఒంట్లో ఎలా కలిసి ఉంటాయో ఆ పక్షి చూపించింది.

గూడు మీద ఇంత మమకారం ఉన్న పక్షి ఆ గూటి జోలికొస్తే ఊరుకుంటుందా? అడవిలో పీచ్ ఫేస్ రాళ్ళ నెర్రెల్లోనో, అక్కడి గిజిగాళ్ళు కట్టిన పెద్ద పెద్ద గూళ్ళలోనో కాపురం పెడుతుంది. మంచి చోటు దొరకడమే కష్టం. దొరికింది కాపాడుకోవాలి. మనం పంజరంలో మట్టికుండ వేలాడదీసి, అందులో చెయ్యి పెట్టి, అయ్యో కరిచింది అంటాం.

నాకు జరిగింది చెబుతానన్నాను కదా. పెంచడం మొదలుపెట్టిన రెండో ఏడు. షాపాయన "అన్నీ కలిసే ఉంటాయి సార్, పెద్ద పంజరం కొనండి చాలు" అన్నాడు. నాలుగు బడ్జీలు, ఒక లవ్ బర్డ్ జంట, ఒకే పంజరం. నాలుగు రోజులు బాగానే ఉన్నాయి. ఐదో రోజు లవ్ బర్డ్ ఆడది కుండ మూతి దగ్గర కూర్చుంది. నీలం రంగు బడ్జీ ఒకటి ఎగిరొచ్చి ఆ కుండ మీద వాలింది. బడ్జీల లెక్కలో అది తప్పు కాదు, వాళ్ళ గుంపులో ఎవరు ఎక్కడైనా వాలతారు. లవ్ బర్డ్ తల దించి, రెక్కలు కొంచెం విప్పి, గొంతులో కీచుమంది. తన భాషలో చాలా గట్టిగానే చెప్పింది. బడ్జీకి అర్థం కాలేదు. నేను తలుపు తీసేలోపు బడ్జీ కాలి వేలు ఒకటి పోయింది. ఆ బడ్జీ తర్వాత ఆరేళ్ళు బతికింది, మూడు వేళ్ళ కాలుతోనే పుల్ల పట్టుకునేది. దాన్ని చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమనేది. తప్పు లవ్ బర్డ్‌ది కాదు, షాపు మాట విని కలిపేసిన నాది. దయచేసి లవ్ బర్డ్‌ని వేరే జాతి చిన్న పక్షులతో కలపకండి. పిల్లలు పెట్టించే ఉద్దేశం లేకపోతే కుండ తీసేయండి. కుండ తీస్తే సగం కోపం తగ్గుతుంది. ఆడపక్షులు ఊరికే గుడ్లు పెట్టి నీరసించడం కూడా తగ్గుతుంది.

ప్యారట్‌లెట్ మన దగ్గర ఇంకా తక్కువే, కానీ వస్తోంది. ఈక్వడార్, పెరూ దేశాల పక్షి. ఐదంగుళాలు, ముప్పై గ్రాములు. బడ్జీ కంటే చిన్నది, ధైర్యం మాత్రం కొండంత. ఇది "వద్దు" అనేది కంటితో. కనుపాప చటుక్కున చిన్నదై మళ్ళీ పెద్దదవుతుంది, తోక ఈకలు విప్పుకుంటాయి. అంతే, అర సెకను. పిల్లలు ఆ సైగను పసిగట్టలేరు, కాబట్టి పిల్లలున్న ఇంటికి నేను దీన్ని చెప్పను. కానీ దీని దగ్గరి బంధువు గురించి ఒక అద్భుతం చెప్పకుండా ఉండలేను. వెనిజులాలో కార్ల్ బెర్గ్ అనే పరిశోధకుడు ఆకుపచ్చ నడుము ప్యారట్‌లెట్ గూళ్ళలో కెమెరాలు పెట్టి, కొన్ని గూళ్ళ గుడ్లను ఇంకో గూటికి మార్చాడు. పిల్లలు పెద్దవుతుంటే ఒక్కోదానికీ తనదైన పిలుపు వస్తుంది, మన పేరులాగా. ఆ పిలుపు కన్నవాళ్ళ పిలుపులా లేదు, పెంచినవాళ్ళ పిలుపులా ఉంది. 2011లో ఈ పరిశోధన వచ్చింది. గూట్లోనే తల్లిదండ్రుల దగ్గర పేరు నేర్చుకునే పక్షులవి. మనం పంజరంలో ఒంటరిగా పెట్టి పేరు పెట్టి పిలిచినప్పుడు అవి ఎందుకంత ఆశగా జవాబిస్తాయో ఇప్పుడు ఆలోచించండి.

కాన్యూర్లు అనే దక్షిణ అమెరికా చిలుకల గురించి క్లుప్తంగా. వాటిలో గ్రీన్ చీక్ అనే జాతి అల్లరిది, చేతిలో వెల్లకిలా పడుకుంటుంది, ఆటలో ఆటగా నొక్కుతుంది. అది కోపం కాదు. కానీ మనం "అబ్బా" అని అరిస్తే దానికి ఇంకా సరదా, మళ్ళీ నొక్కుతుంది. మాట్లాడకుండా కింద దించేయాలి. సన్ కాన్యూర్ అందం చూసి చాలామంది మోసపోతారు. దాని గొంతు నాలుగు ఫ్లాట్ల అవతలికి వినిపిస్తుంది. గయానా, ఉత్తర బ్రెజిల్ అడవుల్లో దూరంగా ఉన్న తోటి పక్షిని పిలవడానికి పుట్టిన గొంతు అది, అపార్ట్‌మెంట్ కోసం తగ్గించుకోలేదు. అడవిలో అవి అంతరించిపోయే దశకు వచ్చాయి కూడా. ఇంకోటి గుర్తుంచుకోండి, 2024లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కాన్యూర్లు, ప్యారట్‌లెట్లు, ఫిషర్ లవ్ బర్డ్స్ లాంటి వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. బడ్జీ, కాకటీల్, పీచ్ ఫేస్ ఆ జాబితాలో లేవు.

ఇంతకీ చేతికి ఎలా మచ్చిక చేయాలి? మన దగ్గర కొర్రలున్నాయి, ఇంతకంటే అదృష్టం లేదు. కొర్ర కంకి చూస్తే ఆగే చిన్న చిలుక నాకింతవరకు తగల్లేదు. జానెడు కంకి ఒక కొస మీరు పట్టుకోండి, రెండో కొస పక్షి తింటుంది. మొదటి రోజు అంతే. రోజుకు కాస్త కాస్త కంకి పొట్టిదవుతుంది, మీ వేళ్ళు దగ్గరవుతాయి. మధ్యలో అది ఒళ్ళు బిగించినా, పిలక అణచినా, కనుపాప కదిలినా చెయ్యి వెనక్కి తీసేయండి. "చెయ్యి తీస్తే దానికి పొగరెక్కుతుంది, కరిచినా తీయొద్దు" అని చెప్పేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. చిన్న సైగకే మీరు తగ్గితే, పెద్ద కాటు వేయాల్సిన పని దానికి ఉండదు. సైగను పట్టించుకోకపోతే కాటే దాని భాష అయిపోతుంది. రెక్కలు కత్తిరించడం కూడా అందుకే నాకు నచ్చదు. భయమేసిన పక్షి మొదట ఎగిరిపోవాలనుకుంటుంది. ఎగరలేకుండా చేస్తే దానికి మిగిలేది ముక్కే. ఎగరనిస్తే మాత్రం ముందు ఫ్యాన్ ఆపండి, కిటికీలు మూయండి.

(సభలో ఒక అమ్మాయి: సార్, మాది అపార్ట్‌మెంట్. అమ్మా నాన్నా ఇద్దరూ ఆఫీసుకు వెళ్తారు. నాకు ఏది మంచిది?)

ఏ క్లాసమ్మా? తొమ్మిదా. మంచి ప్రశ్న. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఎవరూ లేరంటే ఒంటరి కాకటీల్ వద్దు, ఒంటరి లవ్ బర్డ్ అసలు వద్దు. రెండు మగ బడ్జీలు తీసుకో. అవి నీతో పాటు ఒకదానితో ఒకటి కూడా స్నేహంగా ఉంటాయి. నీకు అతుక్కుపోవడం కాస్త తగ్గుతుంది, కానీ నువ్వు స్కూల్లో ఉన్నంతసేపూ వాటికి దిగులుండదు. ఇంకో ప్రశ్న నేనే అడుగుతాను. ఇంటర్‌కు హాస్టల్‌కు వెళ్తావా? వెళ్తే రెండేళ్ళు వాటిని ఎవరు చూస్తారు? కాకటీల్ అయితే పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది, నీ పెళ్ళి కూడా చూస్తుంది. ఇంటికి వెళ్ళి అమ్మా నాన్నలతో కూర్చుని మాట్లాడు. వాళ్ళు సరేనన్నాకే కొను.

ఇక ఈ పంజరం. ఇందులో ఉన్నది నా కాకటీల్, పద్నాలుగేళ్ళది. జనం అలవాటే, అయినా ఇంతమందిని చూసి చాలా రోజులైంది. ముందు వరుసలో పిల్లలు లేవకుండా కూర్చోండి, చప్పట్లు వద్దు, ఫోన్ ఫ్లాష్ ఆపేయండి. బట్ట ఒక పక్క నుంచే మెల్లగా తీస్తాను. అందరూ పిలక వైపే చూడండి. నిటారుగా లేస్తుంది, అది పర్లేదు, మనల్ని చూస్తోంది. ఒక నిమిషంలో కిందికి వాలితే దగ్గరికి ఇద్దరిద్దరు చొప్పున రావచ్చు. అలా కాకుండా తలకు అతుక్కుపోయి, బుస కొట్టిందంటే మళ్ళీ కప్పేసి ఇంటికి తీసుకెళ్ళిపోతాను. పిల్లలూ, అప్పుడు నా మీద కోపం తెచ్చుకోవద్దు.